అందరూ ఇచ్చేవారే, చూసేవారెవరు?

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలంలో ఒక గిరిజన వృద్ధురాలికి బీపీ, షుగరు ఉన్నాయని తేలితే ఆమెకు మందులిచ్చే చేతులకు కొదవ లేదు. గ్రామ ఆరోగ్య కేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ (సీహెచ్‌వో) ఇస్తారు. 104 వాహనంతో వచ్చే పీహెచ్‌సీ డాక్టరు ఇస్తారు. జ్వరమొస్తే ఆశా కార్యకర్త రక్తపు చుక్క తీసి చూసి మలేరియా బిళ్లలు ఇస్తారు. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ సూది వేస్తారు. సంతకు దిగితే కొట్లో నొప్పి బిళ్లలు చీటీ లేకుండానే దొరుకుతాయి. సరిహద్దు దాటితే ఒడిశా ఆసుపత్రి, అక్కడ ఇంకో చీటీ. ఊళ్లో నాటు వైద్యుడు దిసారి ఇచ్చే చెట్టు మందు సరేసరి. ఇన్ని చేతుల్లో ఒకటి ఇచ్చింది మరొకదానికి తెలియదు. తెలుసుకోనందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన అధికారీ లేడు. మన్యంలో ముసలివాళ్ల ఒంట్లో ఒక మందు ఇంకో మందును విషంగా మారుస్తోందంటే దానికి మూలం ఇక్కడుంది. దీన్ని వయసు మీదకూ కొండదారుల మీదకూ నెట్టేయడం ఇకనైనా మానాలి. ఇది పాలనలో లోపం. దిద్దడానికి కావలసిన మనుషులు, వాహనాలు, చట్టాలు అన్నీ ఉండగా దిద్దకుండా వదిలేసిన లోపం.

ఏ ఒక్క డాక్టరునో, ఏ ఆశా కార్యకర్తనో బోనులో నిలబెట్టడం తేలిక, అన్యాయం కూడా. ఎవరి మటుకు వారు తమ ఎదుట ఉన్న జబ్బుకు మందిస్తున్నారు. ఒక మనిషి మింగుతున్న మొత్తం మందుల మీద పూచీ ఎవరిదన్న ప్రశ్న వేస్తే మాత్రం జిల్లా వైద్యారోగ్య శాఖ, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), రాష్ట్ర ప్రభుత్వం, ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూసుకోవాల్సిందే.

ఈ హాని ఎలా జరుగుతుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది పైకి కనిపించదు. డెబ్బై ఏళ్ల అవ్వ సంచి ఒకటి బోర్లించామనుకుందాం. బీపీకి టెల్మిసార్టాన్, ఎమ్లోడిపిన్. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. నాలుగూ మంచి మందులే. ఎమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి పాదాలు వాస్తాయి. ముందు చీటీ చూసిన డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. ఆ చీటీ చూడని చోట వాపు మరో జబ్బుగా లెక్కకొస్తుంది, నీరు తీసే బిళ్ల ఫ్రూసెమైడ్ చేరుతుంది. వాపు పెద్దగా దిగదు గానీ ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి. పిక్కలు పట్టేస్తాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. పిక్కల నొప్పికి సంతలో డైక్లోఫెనాక్ కొంటారు. ఇక్కడితో ఉచ్చు బిగుస్తుంది. కిడ్నీలోకి రక్తం వెళ్లే నాళాన్ని డైక్లోఫెనాక్ ఇరుకు చేస్తుంది. వెళ్లిన రక్తం వడపోతకు కావలసిన ఒత్తిడిని టెల్మిసార్టాన్ తగ్గిస్తుంది. అసలు ఒంట్లో తిరిగే నీటినే ఫ్రూసెమైడ్ లాగేస్తుంది. ఆ మూడూ కలిసిన ఒంటికి వానాకాలంలో ఊటనీళ్లు తాగి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కిడ్నీలు రెండు మూడు రోజుల్లో చేతులెత్తేయొచ్చు. మెట్‌ఫార్మిన్ ఒంట్లోంచి బయటికి పోయే దారి కిడ్నీయే కాబట్టి అదీ పేరుకుపోతుంది. విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఏ బిళ్ల ఆపాలో, ఏది వేసుకోవాలో ఆ ఇంటికి ఎవరైనా చెప్పి ఉన్నారా?

రక్త పరీక్ష చేయించారుగా, రిపోర్టు నార్మల్ అని వచ్చిందిగా అని కొందరంటారు. బక్కచిక్కిన ముసలివాళ్ల విషయంలో ఆ కాగితాన్ని నమ్మడమే పెద్ద పొరపాటు. ఆ పరీక్ష కొలిచే క్రియాటినిన్ కండరం నుంచి పుడుతుంది. కండ కరిగిపోయిన ఒంట్లో అది తక్కువే పుడుతుంది కనుక కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపిస్తుంది. వయసు, బరువు కూడా కలిపి కిడ్నీ సత్తువను అంచనా కట్టే సూత్రాన్ని కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లోనే ప్రచురించారు. 70 ఏళ్లు, 38 కిలోలు ఉన్న స్త్రీకి క్రియాటినిన్ 1.0 అని వచ్చిందనుకోండి. ఆ సూత్రంతో లెక్క కడితే ఆమె కిడ్నీల వడపోత నిమిషానికి 31 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషికి అది వంద దాకా ఉంటుంది. వడపోత 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదును తిరిగి చూడాలనీ, 30 కంటే తగ్గితే ఆపేయాలనీ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నార్మల్ అని ముద్ర పడిన రిపోర్టు చేతబట్టుకుని ఆమె ఆ అంచు మీద నిలబడి ఉంది. ఈ లెక్కకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక తూకం, ఒక కాగితం, రెండు నిమిషాల తీరిక చాలు.

మన్యానికి సొంతమైన ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. క్షయ ఇక్కడ ఇప్పటికీ పెద్ద జబ్బే. ఆరు నెలల చికిత్సలో రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయాన్ని ఉసిగొల్పి ఇతర మందులను ఒంట్లోంచి త్వరగా తోసేస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు బిళ్లల పట్టు సడలుతుంది, ఎమ్లోడిపిన్ కూడా బలహీనపడుతుంది. షుగరు పెరిగిందని డాక్టరు మోతాదు పెంచుతారు, అది సరైన పనే. ఆరు నెలలయ్యాక టీబీ మందు ఆగిపోతుంది. కాలేయం కొద్ది వారాల్లో మామూలు స్థితికి వస్తుంది. పెంచిన షుగరు మోతాదు మాత్రం పెంచినట్టే ఉండిపోతుంది. టీబీ నయమైందని సంతోషించిన ఇంట్లోనే ఒక తెల్లవారుజామున పెద్దాయన షుగరు పడిపోయి స్పృహ తప్పుతారు. టీబీ విభాగానికీ షుగరు విభాగానికీ ఆ వారాల్లో మాట పొత్తు ఉంటే ఆగిపోయే ప్రమాదమిది. మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ కూడా షుగరును కిందికి దింపగలదు. నొప్పి సూదిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిస్తే షుగరు పైకి ఎగబాకుతుంది, దాని ప్రభావం తగ్గాక మళ్లీ పడుతుంది. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవారు డైక్లోఫెనాక్ మింగితే కడుపులో నెత్తురు కారవచ్చు. జీలుగు కల్లు తాగి తిండి మానేసిన రోజున గ్లిమిపిరైడ్ ఎంత ప్రమాదమో ఎవరూ చెప్పరు. కల్లు తాగొద్దని తిట్టడం వేరు, తాగిన రోజు ఏం చేయాలో చెప్పడం వేరు. రెండోదే వైద్యం.

గ్లిమిపిరైడ్‌ను టిఫిన్‌కు ముందు వేసుకోవాలని చెప్పి పంపుతారు. పొద్దున్నే చోడి అంబలి తాగి కొండకెక్కే ఇంట్లో, అంబలి కూడా లేని రోజులున్న ఇంట్లో టిఫిన్ అంటే ఏమిటి? బిళ్లల పట్టీని కత్తిరించి ఇస్తారు, మందు పేరున్న ముక్క కొట్లో ఉండిపోతుంది, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. అవ్వ చేతికి మిగిలేది వెండి రేకులో నాలుగు తెల్ల బిళ్లలు. అదే తెల్ల బిళ్ల ఒడిశా వైపు ఇంకో పేరుతో వస్తే రెండూ ఒకటేనని ఆమెకెలా తెలుస్తుంది? రెండూ వేసుకుంటుంది. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే మనిషికి, రేకు మీద ఇంగ్లిషు అక్షరాలు చదవలేని మనిషికి, మందు జాగ్రత్తగా వాడలేదని నేరం అంటగట్టడం తగదు.

ఇది మన్యానికే పట్టిన జబ్బు కూడా కాదు. జపాన్‌లో 1993 సెప్టెంబరులో సోరివుడిన్ అనే మందు విడుదలైంది. ఒంటి మీద సర్పిలా లేచే పొక్కులకు అది మందు. క్యాన్సర్‌కు 5-ఫ్లోరోయురాసిల్ జాతి మందులు వాడుతున్నవారు కొందరు ఈ పొక్కులతో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లారు. కొత్త మందు ఒంట్లో విడిపోయి, క్యాన్సర్ మందును విరిచే ఎంజైమును కట్టేసింది. క్యాన్సర్ మందు రక్తంలో విషమై పేరుకుంది. కొద్ది వారాల్లోనే పదిహేను మంది చనిపోయారు. ఇద్దరు డాక్టర్లూ తమ పని తాము చేశారు. ఒకరి చీటీ ఒకరు చూడలేదు, అంతే. ఆ చావుల తర్వాత జపాన్‌లో రోగి చేతిలో ఉండే మందుల పుస్తకం వాడుక బలపడింది. ఏ ఆసుపత్రిలో, ఏ మందుల షాపులో ఏమిచ్చినా అందులో ఎక్కాలి. 2000 నుంచి ఆ పనికి ఆరోగ్య బీమా డబ్బు కూడా చెల్లిస్తోంది. అంత ధనిక దేశం ఎంచుకున్న మొదటి సాధనం ఒక చిన్న పుస్తకం.

మనకు ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. గర్భిణికి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తున్నాం. ఏఎన్ఎం దగ్గరికి వెళ్లినా, పాడేరు వెళ్లినా, విశాఖ కేజీహెచ్‌కు పంపినా ఆ కార్డు వెంట వెళుతుంది, అందరూ అందులోనే రాస్తారు. క్షయ రోగికి ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో నంబరు ఉంది. అయిదారు రకాల బిళ్లలు మింగుతున్న ముసలివాళ్లకే ఏమీ లేదు. వాళ్లు ఓటర్లు కారా, పింఛనుదారులు కారా? ప్రతి నెలా ఒకటో తారీఖున పింఛను డబ్బు గడప దగ్గరికే మోసుకెళుతున్న ప్రభుత్వానికి, అదే గడప లోపల వేలాడుతున్న మందుల సంచిలోకి తొంగిచూడటం ఎందుకు చేతకావడం లేదు?

కాగితం మీద ఏర్పాట్లకు లోటు లేదు. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది. పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ నడపాలని అది చెప్పింది. మందుల గురించి రోగికి నచ్చజెప్పడం, ఒకదానితో ఒకటి పడని మందులను గుర్తించడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రాశాయి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల జరిగే తీవ్రమైన, నివారించదగ్గ హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని దేశాలను కోరింది. ఎక్కువ మందులు వాడేవారి మీద, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారేవారి మీద ముందు దృష్టి పెట్టాలంది. ఆ అయిదేళ్లు 2022లో గడిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం అమల్లోకి వచ్చింది. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 వాహనంతో ప్రతి గ్రామ క్లినిక్‌కూ నెలకు రెండుసార్లు వెళ్లాలన్నది దాని లెక్క. ప్రభుత్వం మారినా పల్లెలో కూర్చునే సీహెచ్‌వో, ఏఎన్ఎం, ఆశా ఉన్నారు. అంటే జట్టు సిద్ధంగా ఉంది. ఆ జట్టును ఒకచోట కూర్చోబెట్టి, ఈ సంచి మీది అని అప్పగించేవారే లేరు.

కాబట్టి చేయాల్సింది ఇది. అరవై దాటి, అయిదు లేదా అంతకు మించి మందులు వాడుతున్న ప్రతి ఒక్కరికీ ఒక మందుల పుస్తకం ఇవ్వాలి. సిగ్నల్ లేని గూడేల్లో ఫోను యాప్ మీద ఆధారపడకూడదు, పుస్తకం కాగితంతోనే ఉండాలి. పొద్దుకూ, మధ్యాహ్నానికీ, రాత్రికీ బొమ్మలుండాలి, పట్టీ నుంచి చింపిన బిళ్ల పేరు అందులో ఎక్కాలి. ఆశా కార్యకర్త నెలకోసారి ఇంటికెళ్లి సంచి బోర్లించి, ఉన్నవన్నీ రాసుకోవాలి. సర్కారు మందు, సంత మందు, చెట్టు మందు అన్న తేడా లేకుండా, ఎవరినీ కసరకుండా రాసుకోవాలి. కసిరితే మరుసటి నెల ఆ సంచిలో సగం దాచేస్తారు. సీహెచ్‌వో ఆ జాబితా చూసి, బరువు తూచి, కిడ్నీ లెక్క కట్టాలి. పీహెచ్‌సీ ఫార్మసిస్టు పడని జంటలను గుర్తించి ఎర్ర సిరాతో గీత పెట్టాలి. 104 వచ్చిన రోజున డాక్టరు ఆ గీతలు చూసి ఏది ఉంచాలో, ఏది తగ్గించాలో, ఏది ఆపాలో నిర్ణయించి సంతకం చేయాలి. ఆ సంతకమే ముఖ్యం. నిర్ణయం డాక్టరుదే కావాలి, కానీ ప్రశ్న లేవనెత్తే హక్కు కింది ఉద్యోగికి ఉండాలి. పెద్ద డాక్టరు రాసిన చీటీని నర్సు ప్రశ్నించకూడదనే అలవాటు పోనంత కాలం ఎన్ని పుస్తకాలు అచ్చు వేసినా వృథా.

ఇప్పటికే పని భారంతో నలుగుతున్న సిబ్బంది మీద ఇంకో రిజిస్టరా అని ఉద్యోగ సంఘాలు అడగవచ్చు. అడగాలి కూడా. దీనికి సమాధానం ఉన్న రిజిస్టర్లలో పనికిరానివి తీసేయడం, ఖాళీగా ఉన్న ఫార్మసిస్టు పోస్టులు నింపడం. డాక్టరే దొరకని కొండల్లో ఇంత సూక్ష్మం అవసరమా అని ఎవరైనా అంటే మాత్రం అది గిరిజనుడి ప్రాణానికి తక్కువ వెల కట్టడమే. డాక్టరు దూరంగా ఉన్న చోటే పొరపాటును పట్టుకునే రెండో కన్ను ఎక్కువ కావాలి, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగాక ఘాట్ దిగి ఆసుపత్రి చేరేలోపు సమయం మించిపోతుంది.

ఇది చదివి ఎవరూ బీపీ బిళ్ల, షుగరు బిళ్ల సొంతంగా ఆపేయకూడదు. ఆపితే పక్షవాతమో గుండెపోటో రావచ్చు. సంచి మొత్తం పట్టుకుని సీహెచ్‌వో దగ్గరికి వెళ్లండి, ఒక్క బిళ్ల కూడా ఇంట్లో ఉంచకుండా.

పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ముంచింగిపుట్టు నుంచి అక్కడికి పంపిన ప్రతి వృద్ధ రోగికీ వెనక్కి వెళ్లేటప్పుడు మందుల పుస్తకం తిరగరాసి ఇవ్వడం ఆ కళాశాల మొదటి పాఠం కావాలి. దేశంలో ఆరేళ్ల ఫార్మ్-డి కోర్సు 2008లో మొదలైంది. తెలుగునాట ఆ కాలేజీలు వీధివీధినా వెలిశాయి. చదివినవారిలో ఎందరో హైదరాబాదు కంపెనీల్లో కూర్చుని అమెరికా, ఐరోపా రోగులకు మందులు వికటించిన నివేదికలు రాసిపెడుతున్నారు. అదే చదువు చదివిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని పాడేరు ఆసుపత్రిలో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించడానికి ప్రభుత్వానికి బడ్జెట్ దొరకలేదంటే నమ్మశక్యం కాదు. మందు వికటిస్తే నమోదు చేయడానికి 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, 1800-180-3024 ఉచిత నంబరుంది. నర్సు చెప్పవచ్చు, ఫార్మసిస్టు చెప్పవచ్చు, రోగి కూడా చెప్పవచ్చు. గూడెంలో అవ్వ చనిపోతే వయసు మళ్లి పోయిందంటారు, అక్కడితో విచారణ ముగుస్తుంది. ఇకమీదట అయిదు మందులు వాడుతున్న మనిషి హఠాత్తుగా చనిపోతే ఆ చివరి నెల మందుల జాబితా పీహెచ్‌సీ డాక్టరు రాసి జిల్లా అధికారికి పంపాలి. లెక్క లేని చావును ఆపాలని ఎవరికి అనిపిస్తుంది?

సంతల్లో చీటీ లేకుండా అమ్ముతున్న డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ల మీద ఔషధ నియంత్రణ శాఖ కళ్లు మూసుకోవడం నేరంతో సమానం. ఇవి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్-హెచ్ మందులు. ఆర్‌ఎంపీలను ఒక్క పూటలో తరిమేయడం సాధ్యం కాదు, వారు లేని చోట అర్ధరాత్రి తలుపు తీసేవారూ లేరు. కనుక ముందుగా స్టెరాయిడ్ సూది, నొప్పి సూది మీద కఠినంగా ఉండండి. మందుల పుస్తకంలో రాయకుండా ఏమిచ్చినా కేసు పెడతామని చెప్పండి.

సరిహద్దు సంగతి చివరిగా. జోలాపుట్ జలాశయం చుట్టుపక్కల పల్లెలకు కోరాపుట్ వైపు ఆసుపత్రి ఒక్కోసారి దగ్గర. అటు పల్లెలవారు ముంచింగిపుట్టుకు వస్తారు. మాచ్‌ఖండ్ నీళ్లతో పుట్టే కరెంటును పంచుకోవడానికి ఆంధ్ర, ఒడిశా దశాబ్దాలుగా కాగితాలు రాసుకుంటున్నాయి, వాటాల మీద వాదించుకుంటున్నాయి. ఆ నీళ్ల ఒడ్డున బతికే మనిషి ఏ మందులు మింగుతున్నాడో పంచుకోవడానికి రెండు జిల్లాల మధ్య ఒక్క కాగితం రాసుకోవాలి. అల్లూరి సీతారామరాజు, కోరాపుట్ జిల్లాల కలెక్టర్లు, వైద్యాధికారులు ఒక రోజు కూర్చుంటే తేలే పని ఇది. తెలుగు, ఒడియా రెండు లిపుల్లో అచ్చయిన ఒకే పుస్తకం, రెండు వైపులా చెల్లాలి.

వచ్చే వానాకాలం విరేచనాలు మొదలయ్యేలోగా కలెక్టరు సంతకంతో ఉత్తర్వు వెలువడాలి. అందులో ముంచింగిపుట్టు మండలంలోని ప్రతి గ్రామ క్లినిక్ ఎదుట, అక్కడి వృద్ధుల మందుల సంచికి జవాబుదారీ అయిన డాక్టరు పేరు రాసి ఉండాలి.